అపార్ట్‌మెంట్‌లో పాటో బొమ్మో నాటకమో పెడితే జనం నిజంగా దగ్గరవుతారా?

మూడో మెట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో 64 ఇళ్ళు. నాలుగు నెలల క్రితం నన్ను సెక్రటరీని చేశారు. చేశారంటే ఏం లేదు, ఆ రోజు మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళాను, వెళ్ళేసరికే అయిపోయి ఉన్నాను.

మోటారు, లిఫ్టు, చెత్త లాంటివి ఎలాగో నడుస్తున్నాయి. నన్ను తినేస్తున్న సంగతి వేరే ఉంది. రోజూ ఒకే లిఫ్టులో దిగే మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, తలుపు మీద మారే అంకెలు చూస్తుంటారు. ఆరేళ్ళుగా ఎదురెదురు గుమ్మాల్లో ఉంటున్న రెండు కుటుంబాలకు ఒకరి పేరు ఒకరికి తెలీదట. కొరియర్ అబ్బాయి ప్యాకెట్లు తారుమారు చేసిన రోజున ఈ సంగతి బయటపడింది. అందరం కలిసేది వాట్సాప్ గ్రూపులో ఒక్కచోటే. అక్కడ వినపడేవి మాటలు కావు, కేకలు.

ఏదో ఒకటి చేద్దామని రెండు నెలల క్రితం ఒక సంగీత బృందాన్ని పిలిపించాం. స్టేజీ, లైట్లు, మైకులు, దేనికీ లోటు చేయలేదు. జనం కూడా బాగానే వచ్చారు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళుగా ఒక వరుసలో కూర్చున్నారు, ఫోన్లలో తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున లిఫ్టులో మళ్ళీ అవే అంకెలు, అదే నిశ్శబ్దం.

ఇంత చేసీ ఏం లాభం అని మా కోశాధికారి గారు అడిగితే జవాబు దొరకలేదు. కళలు మనుషుల్ని కలుపుతాయని అందరూ అంటారు కదా, మాకెందుకు కలపలేదు? పాట అయితే మంచిదా, బొమ్మలా, నాటకమా? "నాకేమీ రాదండీ" అని తప్పుకునేవాళ్ళని ఎలా లాక్కురావాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి. చదివి చెప్పేవాళ్ళు కూడా చెప్పండి, కాదనను.

గేటు పక్క:

కొంచెం నిష్ఠూరంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఇలాంటి సాయంత్రాలు నేను మూడు చూశాను. మూడిటిలోనూ కమిటీ వాళ్ళ పిల్లలే స్టేజీ మీద, కమిటీ వాళ్ళే ముందు వరుసలో. కుర్చీలు మోసింది మాత్రం వాచ్‌మన్. జనం దగ్గరవ్వాలంటే ముందు పార్కింగ్ గొడవ తీర్చండి, కారుతున్న పైపులు బాగుచేయించండి. ఆ తర్వాత పాడుకుందురు గాని.

అపస్వరం:

సెక్రటరీ గారూ, మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు, కచేరీ అంటేనే అంత. అందరూ స్టేజీ వైపు చూస్తారు, ముందు కూర్చున్నవాళ్ళ తల వెనకభాగం తప్ప మనిషి కనపడడు. 64 ఇళ్ళ వాళ్ళని తీసుకొచ్చి ఒకే దిక్కుకి తిప్పి కూర్చోబెట్టారు. లిఫ్టులో వాళ్ళు రోజూ చేసేదీ అదేగా!

నా సంగతి చెప్తాను. నాకు సంగీతం రాదు. ఇక్కడ నేను పెట్టుకున్న పేరే నా గొంతు సంగతి చెప్తోంది. ముప్ఫై నాలుగేళ్ళు ఒక ఆఫీసులో పద్దులు రాసి రిటైరయ్యాను. అయినా మా బిల్డింగులో గురువారం గురువారం కలిసి పాడుకునే గుంపు ఒకటి ఆరేళ్ళుగా నడుస్తోంది. దాని తాళాలన్నీ నా దగ్గరే. ఆదితాళం, రూపక తాళం అనుకునేరు, మెట్ల కింద గది తాళాలు.

మొదలయింది కూడా లిఫ్టు వల్లే. ఓసారి మా లిఫ్టు పదకొండు రోజులు ఆగిపోయింది. మాది ఐదంతస్తులు. రెండుకీ మూడుకీ మధ్య మెట్ల మలుపులో కాస్త వెడల్పాటి చోటు, ఒక కిటికీ ఉన్నాయి. పైవాళ్ళంతా సంచులు దించి ఊపిరి తీసుకునేది అక్కడే. నాలుగో రోజున ఎవరో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పడేశారు, మర్నాటికి దాని పక్కన ఇంకోటి వచ్చింది. పై అంతస్తు మాస్టారు గారికి మోకాళ్ళ నొప్పి. ఆ కుర్చీలో పావుగంట కూర్చుని ఏదో కూనిరాగం తీసుకుంటుండేవారు. ఒకరోజు బడి సంచి వీపున వేసుకుని ఎక్కుతున్న పిల్ల ఠక్కున ఆగి, "తాతగారూ, అక్కడ అలా కాదు" అంది. "అయితే నువ్వు పాడు" అన్నారాయన. అది పాడింది. నేను సంచి పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాను. పల్లవి రెండోసారి అందుకునేసరికి ఐదుగురం అయ్యాం. లిఫ్టు బాగయింది గానీ ఆ కుర్చీలు ఎవరూ తీయలేదు.

ఇది మా గొప్పేమీ కాదని తర్వాత తెలిసింది. లియాన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం విద్యార్థుల కుటుంబాలు ఉండే ఇళ్ళలో ఎవరికెవరు స్నేహితులో ఆరా తీసి 1950లో పుస్తకం వేశారు. మెట్ల దగ్గరి ఇళ్ళవాళ్ళకి, ఉత్తరాల పెట్టెల పక్కనున్నవాళ్ళకి పై అంతస్తు వాళ్ళతో స్నేహాలు ఎక్కువ కలిశాయట. గుణాలు కలిసే దాకా ఆగక్కర్లేదు, దారులు కలిస్తే సగం పని అయినట్టే. అందుకే చెప్తున్నాను, టెర్రస్ మీద పెట్టకండి. అక్కడికి రావాలనుకున్నవాళ్ళే వస్తారు. దారిలో పెడితే ఇంటికి పోతున్నవాళ్ళు కూడా రావలసిందే, కనీసం "కాస్త జరగండి" అనైనా అనాలి కదా. మా గుంపులో సగం మంది మొదట అన్న మాట అదే.

ఇక జిరాక్సుల సంగతి. రెండో నెలలో నేను ఒక పాట పెద్ద అక్షరాలతో రాసి, అందరికీ తలా ఒక కాపీ తీద్దామనుకున్నాను. ఇంట్లో ప్రింటర్‌లో ఇంకు అయిపోయి 11 కాగితాలే వచ్చాయి. వచ్చినవాళ్ళు 22 మంది, నోటుబుక్కులో ఉంది. ఇద్దరికొకటి ఇచ్చాను. నాలుగో అంతస్తు పెద్దాయనకీ ఆయన కింది ఇంటావిడకీ ఒకటే కాగితం పడింది. ఆయన బాత్రూం పైపు ఆవిడ వంటింట్లోకి కారుతోందని ఏడాదిన్నరగా తగువు. ఆయనకి కాగితం దూరంగా పెడితే గానీ కనపడదు. ఆవిడకి ముక్కు దగ్గర పెడితే గానీ కనపడదు. ఆయన చెయ్యి చాపి దూరం జరుపుతారు, ఆవిడ దగ్గరికి లాక్కుంటుంది. చరణం సగానికి వచ్చేసరికి కాగితం మధ్యలో చిరిగేలా ఉంది. చివరికి ఆవిడ విసుగొచ్చి కాగితం తన దగ్గరే పెట్టుకుని, ఒక్కో లైను ముందుగా చదివి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన విని పాడారు.

పాటతో పైపు ఆగిందా అంటారేమో, ఆగలేదు. ఇంకో మూడు నెలలు కారింది. కానీ ఆవిడ ఆ సంగతి గ్రూపులో రాయడం మానేసి, మెట్లెక్కి వెళ్ళి తలుపు కొట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకు ఎంతున్నా సరే, నేను సగం కాపీలే తీస్తాను.

పాటా, బొమ్మా, నాటకమా అని అడిగారు. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. పెద్దవాళ్ళు వెళ్ళి నేర్చుకునే తరగతులవి. కొన్నిటిలో పాట, కొన్నిటిలో చేతిపనులు, కొన్నిటిలో రచన. ఏడు నెలలు గమనించారు. పాటవాళ్ళు మొదటి నెలలోనే గబగబా దగ్గరయ్యారు. ఏడో నెలకి వచ్చేసరికి చేతిపనులవాళ్ళూ రచనవాళ్ళూ కూడా వాళ్ళని అందుకున్నారు. నాకు అర్థమయింది ఇది: పాటలో పక్కవాళ్ళ పేరు తెలియకపోయినా గొంతు కలపొచ్చు, కుట్టుపనిలో కత్తెర అడగాలన్నా ముందు మాట కలవాలి. కాబట్టి తొందరగా బెరుకు పోవాలంటే పాటతో మొదలుపెట్టండి. తర్వాత మీ ఇష్టం. కానీ వాళ్ళు చూసింది ఏడు నెలలండీ. మీరు చూసింది ఒక్క సాయంత్రం.

"నాకేమీ రాదండీ" అనేవాళ్ళ గురించి అడిగారు. వాళ్ళని నేను చెడగొట్టిన కథ ఒకటి ఉంది, సిగ్గు విడిచి చెప్తాను.

రెండో ఏడు మాకు కాస్త పొగరెక్కింది. అప్పటికి వారానికి 27 మంది దాకా వస్తున్నారు. ఎవరో అన్నారు, బయటివాళ్ళని పిలిచి ఒక కార్యక్రమం చేద్దామని. కార్యక్రమం అన్నాక బాగా రావాలిగా. శ్రుతి కలవనివాళ్ళని వెనక వరుసలో నిలబెట్టి, మెల్లగా పాడమన్నాం. ఇద్దరు ముగ్గుర్ని పెదాలు మాత్రం ఆడించమన్నాం. అలా చెప్పే పని నేనే మీదేసుకున్నాను, నా గొంతు ఏపాటిదో మర్చిపోయి! కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. మరుసటి గురువారం వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. ఆ తొమ్మిదీ నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఉంది.

ఇంటింటికీ వెళ్ళాను. చాలామంది పనులున్నాయన్నారు. మొదటి అంతస్తులో ఒక పెద్దావిడ మాత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పింది, "నాకు పాట రాదని నాకు తెలుసమ్మా. నీకు కూడా తెలుసని నాకు తెలీలేదు." ఆవిడ మళ్ళీ రావడానికి పద్నాలుగు గురువారాలు పట్టింది. ఆ తర్వాత మేం స్టేజీ ఎక్కలేదు. ఎవరైనా వినాలనుకుంటే వచ్చి కూర్చోవచ్చు, కాకపోతే చేతికి సగం కాగితం ఇస్తాం.

కుర్చీల సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. గేటు పక్క గారు వాచ్‌మన్ మోశాడన్నారే, మా దగ్గర ఎవరి కుర్చీ వాళ్ళే ఇంట్లోంచి తెచ్చుకోవాలి. కుర్చీ పట్టుకుని మెట్లు దిగే మనిషిని ఎవరూ పలకరించకుండా వదలరు. "ఎక్కడికండీ?" అంటారు. మాకు పోస్టర్లతో పని లేకుండా పోయింది.

గేటు పక్క:

అపస్వరం గారూ, మీ కథ బావుంది. కానీ అసలు సందేహం అలాగే ఉంది. రాబర్ట్ పుట్నమ్ అనే రాజకీయ శాస్త్రవేత్త ఇటలీలో ఏ ప్రాంతంలో ప్రభుత్వం బాగా పనిచేస్తోంది, ఎక్కడ చేయట్లేదు అని ఏళ్ళ తరబడి చూసి 1993లో రాశాడు. బాగా నడిచే చోట బృందగాన సంఘాలు, ఫుట్‌బాల్ క్లబ్బులు ఎక్కువ. అది చూపించి అందరూ పాడండి పాడండి అంటారు. చెట్టు ముందా విత్తు ముందా? సఖ్యత ఉన్న చోట జనం పాడుకుంటారేమో. మీ మెట్ల మలుపులో కుర్చీ తెచ్చి వేసినవాళ్ళు అప్పటికే మంచివాళ్ళు. మా దగ్గర వేస్తే సాయంత్రానికి కుర్చీ మాయం.

అపస్వరం:

సరైన ప్రశ్నే. పద్దులు రాసినదాన్ని, ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకి వెళ్ళిందో చూడకుండా నేనూ ఒప్పుకోను.

స్టాన్‌ఫర్డ్‌లో విల్టర్మత్, హీత్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో అచ్చంగా దీన్నే పరీక్షించి చూశారు. ముందునుంచీ స్నేహంగా ఉన్నవాళ్ళని ఏరుకోలేదు, వచ్చినవాళ్ళనే గుంపులుగా విడదీశారు. కొందరిని అడుగులో అడుగు వేసి నడవమన్నారు, కొందరిని మామూలుగా నడవమన్నారు. ఇంకో పరీక్షలో కొన్ని గుంపులు కలిసి పాడాయి. ఆ తర్వాత అందరికీ ఒక ఆట పెట్టారు, తన లాభం చూసుకోవాలా గుంపు లాభం చూడాలా అని తేల్చుకునే ఆట. అడుగు కలిపినవాళ్ళు, గొంతు కలిపినవాళ్ళు గుంపు వైపు ఎక్కువ మొగ్గారు. అంటే పాట అనే విత్తు వైపు నుంచి కూడా కొంత సఖ్యత వస్తుంది.

కానీ ల్యాబులో పార్కింగ్ ఉండదు కదా. కాబట్టి మీ మాటలో సగం నిజం. పాటతో పార్కింగ్ తీరదు. మా దగ్గరా తీరలేదు. దానికి మేం నాటకం వాడాం.

బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోల్ అనే నాటక దర్శకుడు ఒక పద్ధతి తయారుచేశాడు, ఫోరం థియేటర్ అంటారు. జనానికి ఉన్న తగువునే పది నిమిషాల నాటకంగా వేస్తారు, చెడ్డగా ముగిసేలా. మళ్ళీ మొదటినుంచీ వేస్తారు. ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపండి" అనొచ్చు. అన్నవాళ్ళు లేచి వచ్చి, నలిగిపోతున్న పాత్రలోకి దూరి, తనైతే ఏం చేసేవాడో చేసి చూపించాలి. ఉపన్యాసాలకి చోటు లేదు.

మేం సెల్లార్‌లో వేశాం. నాలుగు కుర్చీలు కారు, ఒక స్టూలు స్కూటర్, చీపురు గేటు. దారికి అడ్డంగా కారు పెట్టే ఆయన మీద బిల్డింగంతా మండిపడుతుండేది. స్కూటర్లవాళ్ళలో గట్టిగా అరిచే కుర్రాడు "ఆపండి" అన్నాడు. వాడికి ఆ కారాయన పాత్రే ఇచ్చాం. బోల్ ఒప్పుకుంటాడో లేదో గానీ మాకు తోచినట్టు మార్చుకున్నాం. రాత్రి ఒంటిగంట, ఇంట్లో అస్వస్థతగా ఉన్న తల్లి, తన చోట్లో ఎవరిదో బండి. ఆ నాలుగు కుర్చీల్ని మోసుకుంటూ ఆ కుర్రాడు సెల్లార్ మూడుసార్లు తిరిగాడు, ఎక్కడా పట్టలేదు. జనం పడీపడీ నవ్వారు. తర్వాత తెల్లగీతలు మళ్ళీ వేయించాం, అర్ధరాత్రి వచ్చేవాళ్ళకి గేటు దగ్గర రెండు చోట్లు వదిలాం. ఇప్పటికీ గొడవలు అవుతాయి, కానీ ముందున్నంత కాదు.

సున్నం చేతులు:

పాట గురించి పెద్దలు చెప్పారు, నేను గోడ గురించి చెప్తాను. మా ప్రహరీ గోడ లోపలివైపు 40 అడుగులు. దాని మీద బొమ్మ వేద్దామని మూడు మీటింగులు పెట్టుకుని మూడుసార్లు తన్నుకున్నంత పని చేశాం. ఒకరికి అడవి కావాలి, ఒకరికి మహనీయులు కావాలి, ఒకాయనకి ఉత్త తెలుపే కావాలి. ఓటింగ్ పెట్టాం, అది పెద్ద తప్పు. బొమ్మకి ముందే ఓడినవాళ్ళు తయారయ్యారు.

చివరికి మా పైనింటి అమ్మాయి ఒక మాట అంది. గోడ పొడుగునా ఒక తాడు గీద్దాం, బట్టలారేసే తాడు. ఒక్కో ఇంటివాళ్ళు తమది ఒక్క బట్ట వేయాలి. ఏది వేస్తారో వాళ్ళిష్టం. అంతే, నోళ్ళు మూతపడ్డాయి. యూనిఫారాలు, బుల్లి జుబ్బాలు, చిరిగిన జీన్సు, ఒక గళ్ళ లుంగీ. ఉత్త తెలుపు ఆయన తెల్ల చొక్కా వేశారు, జేబు మీద ఇంకు మరకతో సహా.

బయటికి రాలేనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ కోసం ఒక ఉపాయం దొరికింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో 1984లో గోడల మీద పిచ్చిరాతలు ఆపడానికని ఒక పథకం పెట్టారు. జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి ఆ రాసే కుర్రాళ్ళనే పిలిచి వాళ్ళ చేతే గోడ బొమ్మలు వేయించడం మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ వేల బొమ్మలున్నాయి. వాళ్ళు చాలా బొమ్మల్ని నేరుగా గోడ మీద వేయరు. పారాచూట్ బట్ట అని పిలిచే పల్చటి గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా గీసి, ఏ గడిలో ఏ రంగో అంకె వేసి పంచుతారు. బళ్ళలో పిల్లలు, నిచ్చెన ఎక్కలేని ముసలివాళ్ళు కూర్చున్న చోటే రంగు నింపుతారు. తర్వాత అక్రిలిక్ జెల్‌తో గోడకి అతికిస్తారు.

మేమూ అలాగే చేద్దామని పాత దుప్పట్లు చింపి, చెక్కకి వాడే జిగురుతో అతికించాం. మొదటి వానకే సగం ఊడి వేలాడాయి. దుప్పటి గుడ్డ నీళ్ళు పీలుస్తుంది, ఆ జిగురు నీళ్ళకి ఆగదు. పైగా మా గోడ కింద రెండడుగులు ఉప్పెక్కి ఉంది, చెమ్మ ఆరకుండా ఏది వేసినా నిలవదు. కాబట్టి మూడో మెట్టు గారూ, గోడ అనుకుంటే ముందు గీకించండి, బాగా ఎండనివ్వండి, ప్రైమర్ కొట్టండి. గుడ్డ అతికిస్తే మధ్యలోంచి అంచులకి నొక్కుకుంటూ రావాలి, లేకపోతే గాలి బుడగలు నిలుస్తాయి.

ఊడినవాటిలో ఒక శాలువా ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం మీదే ఉండే పెద్దాయన ఒడిలో అట్ట పెట్టుకుని వేసింది, చనిపోయిన భార్యది. ఆ రాత్రే ఎవరో దాన్ని ఆరబెట్టి, మడిచి, ఆయన గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. రెండోసారి నేరుగా గోడ మీదే వేశాం. ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి కూర్చోబెట్టాం. రంగు కలుపుతుంటే, "ఇంకా మాసిన నీలం", "అంత కాదు, రెండు ఉతుకులు తక్కువ" అంటూ పొద్దుగూకేదాకా మమ్మల్ని వదల్లేదు. ఆ నీలం కోసం తొమ్మిది మూతలు పాడుచేశాం.

రాత్రి షిఫ్ట్:

నేను మొరపెట్టుకునే పార్టీ. పాటలూ గోడలూ బావున్నాయి. మా బిల్డింగులో ఇలాంటి గుంపే ఒకటి ఉంది, నా పడకగది గోడకి అవతలే సాధన. సాయంత్రం ఆరు నాకు అర్ధరాత్రి. రెండుసార్లు చెప్పాను, "ఇంత మంచి పనికి అడ్డు పడతారేంటి" అన్నారు. అద్దెకుండేవాణ్ణని కూడా గుర్తు చేశారు. అందరినీ కలుపుతున్నామని చెప్పుకుంటూ ఒకణ్ణి బయటికి నెడుతున్నారు. కొంచెం ఇది కూడా రాసుకోండి.

అపస్వరం:

రాత్రి షిఫ్ట్ గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మా దగ్గరా ఇలాంటి ఆయన ఒకరు ఉన్నారు, నర్సు. మేమూ మొదట అలాంటి మాటే అన్నాం. తర్వాత బుద్ధొచ్చి, ఏ రోజు ఏ వేళ పాడాలో తేల్చే పని ఆయనకే అప్పగించాం. ఆయన డ్యూటీ కాగితం చూసి గురువారం అన్నారు, అప్పటినుంచీ గురువారమే. ఆయన పాడరు. ఎప్పుడైనా డ్యూటీ మారితే ముందురోజే నా తలుపు కొడతారు.

అద్దె, సొంతం తేడా గురించి ఒక్క మాట. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు, వేరువేరు గుంపుల వాళ్ళని ఊరికే ఒకచోట చేర్చితే ద్వేషం తగ్గదని. అక్కడ ఉన్నంతసేపూ అందరూ సమానం కావాలి, పని ఒకటే కావాలి, అది ఒకరి మీద ఒకరు ఆధారపడి చేయాలి, పెద్దల ఆమోదం కూడా ఉండాలి. ముందు వరుస కుర్చీలు కమిటీకి వదిలిన రోజునే మొదటి షరతు పోయింది.

మూడో మెట్టు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నా లెక్క మార్చుకున్నాను. స్టేజీ లేదు, మైకు లేదు. మా మెట్ల దగ్గర చోటు లేదు గానీ, గ్రౌండ్ ఫ్లోర్‌లో లిఫ్టు కోసం నిలబడే హాలు ఉంది. అందరూ అంకెలు చూసేది అక్కడే.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. ఎవరికి పాడటం వచ్చో గ్రూపులో అడిగాను. 64 ఇళ్ళలో ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురూ ఆ రోజు స్టేజీ ఎక్కిన పిల్లల తల్లిదండ్రులే.

అపస్వరం:

అడగడంలో పొరపాటు ఉంది బాబూ. "పాడటం వచ్చా" అంటే పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. "మీ అటక మీద ఏముంది" అని అడగండి. ఫ్రాన్స్‌లో 1982లో జూన్ 21న సంగీత దినం మొదలుపెట్టింది ఇలాంటి ఆలోచనతోనే. ఇళ్ళలో వాద్యాలు వాయించేవాళ్ళు లక్షల్లో ఉన్నారని, వీధిలో మాత్రం వినపడట్లేదని సాంస్కృతిక శాఖవాళ్ళు గమనించారు. ఆ రోజు ఎవరైనా సరే బయటికొచ్చి వాయించమన్నారు, వేలమంది వచ్చారు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో జరుగుతోంది.

మేం అడిగితే మా ఒక్క బిల్డింగులోనే రెండు వేణువులు, తీగలు తెగిన గిటారు, ఒక బుల్బుల్ వాద్యం, మూత లేని డోలక్ పెట్టె బయటపడ్డాయి. డోలక్ ఏదని అడిగితే, పెట్టె తనదే గానీ డోలక్ అన్నయ్య పట్టుకుపోయాడని చెప్పిందావిడ. ఆ పెట్టె మీదే దరువు వేస్తోంది ఇప్పటికీ.

గేటు పక్క:

మా ఆవిడ ఇదంతా చదివి, మనింట్లో వయొలిన్ ఉంది కదా అంది. పదిహేడేళ్ళుగా ఉందట. నాకు తెలీదు. ఎవరిదని అడిగితే తనదేనట.

మూడో మెట్టు:

గేటు పక్క గారూ, తీగలు మార్పించండి ముందు.

అపస్వరం గారూ, ఆఖరు సందేహం. వచ్చే బుధవారం ఏడున్నరకి అని రాస్తున్నాను. కాగితాలు 64 తీయనా, 32 తీయనా?

అపస్వరం:

ఎనిమిది తీయండి. మొదటివారం పదహారుమంది వస్తే గొప్ప, ఎక్కువ వస్తే నలుగురికి ఒకటి. ఏడున్నర అని రాస్తే ఎనిమిదింటికి దిగుతారు, ఏడుంబావు అని రాయండి. ఆ టైముకి మీరు ఒక్కరే ఉన్నా సరే, కుర్చీ వేసుకుని లిఫ్టు తలుపుకి ఎదురుగా కూర్చోండి. అంకెలున్న వైపు మాత్రం చూడకండి.